సునాబెడ గోడ మీద ఒక ఏడాది: రష్యన్ పునీతుల రోజువారీ క్యాలెండరు

మా ఇంటి నడవా గోడకు ఎప్పుడూ రెండు క్యాలెండర్లు వేలాడుతూ ఉంటాయి. ఒకటి విజయనగరం నుంచి తెప్పించుకొనే తెలుగు క్యాలెండరు, రెండవది ఇక్కడి బజారులో దొరికే ఒడియా క్యాలెండరు. తిథి విషయంలో ఈ రెండింటికీ తేడా వచ్చినప్పుడు దేనిని పాటించాలన్నది మా ఆవిడ నిర్ణయిస్తుంది. 2023 డిసెంబరు చివరి వారంలో వాటి పక్కన మూడవది చేరింది. రష్యాలో వైద్యవిద్య చదువుతున్న మా పక్కింటి అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు, నాకు రష్యన్ చదవడం వచ్చునన్న సంగతి గుర్తుంచుకొని, రోజుకొక కాగితం చింపే ఒక చిన్న క్యాలెండరును తెచ్చి ఇచ్చాడు. ఆర్థొడాక్స్ చర్చి పునీతుల దినాలు, వాటి చుట్టూ శ్రమజీవులలో అల్లుకున్న నమ్మకాలు, సామెతలు, పని నియమాలు దీనిలోని విషయం. 2024వ సంవత్సరమంతా రోజుకొక కాగితం చొప్పున చదివి, చింపి, కొన్నిటిని దాచుకొని, ఇప్పుడు ఈ సమీక్ష రాస్తున్నాను.

నాకు రష్యన్ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. కోరాపుట్ జిల్లాలోని ఈ సునాబెడలో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఇంజిన్ల కర్మాగారాన్ని 1960 దశకంలో సోవియట్ సహకారంతో నెలకొల్పారు. మిగ్-21 విమానం నాసిక్‌లోను, దాని ఇంజిను ఇక్కడ, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులోను తయారయ్యే ఏర్పాటు అది. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చి నేను ఇక్కడి ఫోర్జ్ విభాగంలో చేరేనాటికి డ్రాయింగులు, సాంకేతిక పత్రాలు చాలావరకు రష్యన్‌లోనే ఉండేవి కాబట్టి, మాలో కొందరం సాయంత్రపు తరగతులకు వెళ్ళి ఆ భాష నేర్చుకున్నాము. ఉక్కును ఎంత వేడిమి దగ్గర కొట్టాలో చెప్పే వాక్యాలు చదవడానికి నేర్చిన భాషలో, యాభై ఏళ్ళు దగ్గరపడుతున్న తరువాత, కమ్మరి పునీతుల కథలు చదవగలిగాను.

వస్తువు గురించి చెప్పవలసినది కొంచెమే. అరచేయి కంటె కాస్త పెద్దదైన కట్ట, 366 కాగితాలు, పైన రేకు పట్టీతో బిగించిన కుట్టు. గోడకు తగిలించే అట్టను విడిగా కొనుక్కోవాలట. ఆ అబ్బాయి దానిని కూడా తెచ్చాడు. రెండూ కలిపి 300 రూబుళ్ళ లోపే అయ్యాయని చెప్పాడు. కాగితం వార్తాపత్రిక కాగితం లాంటిది, అక్షరం మాత్రం చక్కగా అచ్చయింది. ముందువైపు తేదీ, వారం, సూర్యోదయ సూర్యాస్తమయాలు, పగటి నిడివి, చంద్రకళ ఉంటాయి. వెనుకవైపు ఆనాటి పునీతుడి పేరు, ఒక కథ లేదా కొన్ని సామెతలు, అప్పుడప్పుడు ఒక వంటకం. కోరాపుట్ పీఠభూమి మీది వానాకాలానికి ఈ కట్ట తట్టుకోలేదు. జూలైలో పట్టీ తుప్పు పట్టి, ఆగస్టు కాగితాలు పది పన్నెండు ఒక్కసారిగా ఊడి వచ్చాయి. వాటిని క్లిప్పు పెట్టి నిలిపాను. సూర్యోదయ వేళలు మాస్కోవి కనుక మనకు ఉపయోగం లేదు, అయినా జూన్‌లో పదిహేడు గంటలు దాటిన పగటిని, డిసెంబరులో ఏడు గంటల పగటిని అంకెలలో చూస్తుంటే, ఆ దేశపు రైతుకు ఏ పనికి ఎంత వ్యవధి ఉండేదో అర్థమవుతుంది. వెనుకవైపు నమ్మకాలలో సగం ఆ ముందువైపు అంకెల నుంచే పుట్టాయి.

ఈ క్యాలెండరులో నాకు అన్నిటికంటె నచ్చిన కాగితం నాలుగేళ్ళకొకసారి మాత్రమే వచ్చేది. చర్చి పాత లెక్కలో ఫిబ్రవరి 29 పునీతుడు కస్యాన్ దినం. ఆ రోజంటే రష్యన్ గ్రామాలలో భయం. కస్యాన్ చూపు పడితే పశువు చిక్కిపోతుందని, చెట్టు ఎండిపోతుందని, ఆ రోజు ఇల్లు కదలకపోవడమే మేలని అనుకొనేవారు. చర్చి గ్రంథాలలో కస్యాన్ సౌమ్యుడైన సన్యాసి. ప్రజల నోట ఆయన కోపిష్టి అయ్యాడు. ఎందుకయ్యాడో చెప్పే కథను కాగితం వెనుక పూర్తిగా ఇచ్చారు. ఒక రైతు బండి బురదలో దిగబడింది. దారిన పోతున్న కస్యాన్‌ను సాయం అడిగితే, పరలోకపు తెల్లని వస్త్రాలు మాసిపోతాయని ఆయన తప్పుకొన్నాడు. వెనుకనే వచ్చిన నికొలా అనే మరో పునీతుడు బురదలోకి దిగి, భుజం పెట్టి బండిని పైకి నెట్టాడు. ఇద్దరూ దేవుడి ఎదుటికి వచ్చినప్పుడు నికొలా బట్టలు బురదమయంగా ఉండడం చూసి దేవుడు కారణం అడిగాడు. విన్న తరువాత నికొలాకు ఏటా రెండు పండుగలు, కస్యాన్‌కు నాలుగేళ్ళకు ఒక పండుగ అని తీర్పు చెప్పాడు. నిజంగానే నికొలాకు మే 22న ఒకటి, డిసెంబరు 19న ఒకటి, రెండు దినాలున్నాయి. క్యాలెండరులోని ఒక విచిత్రానికి శ్రమజీవులు చెప్పుకొన్న కారణం ఇది. ఎవరు పూజ్యులన్నది వారు బట్టల మీది బురదను చూసి తేల్చుకున్నారు. ఈ కథను నేను ఆ రోజు సాయంత్రం మా వీధిలో నలుగురికి తెలుగులో చెప్పాను. సిమిలిగుడ సంత రోజున వానలో బండి తోసిన అనుభవం ఉన్నవారే అందరూ, ఎవరికీ వివరించవలసిన పని కలగలేదు.

నికొలా పటం లేని కార్మికుడి ఇల్లు పాత రష్యాలో దాదాపు ఉండేది కాదని కూడా ఈ క్యాలెండరు మే 22 కాగితంలో రాసింది. నావికులకు, బాటసారులకు, పని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగే వడ్రంగులకు ఆయనే దిక్కు.

నవంబరు 14 కాగితం కోసం నేను ప్రత్యేకంగా ఎదురుచూశాను. అది కుజ్మా, దెమ్యాన్ అనే అన్నదమ్ముల దినం. చర్చి చెప్పే ప్రకారం వీరు వైద్యులు. రోగుల దగ్గర డబ్బు పుచ్చుకోనివారు కాబట్టి వారికి ‘వెండి ముట్టనివారు’ అన్న అర్థం వచ్చే బిరుదు ఉంది. కాని రష్యన్‌లో కమ్మరిని ‘కుజ్నెత్స్’ అంటారు. కుజ్మా అన్న పేరు చెవికి ఆ మాటకు దగ్గరగా వినిపించడంతో జనం ఆ వైద్యులను కమ్మరులను చేశారు. కమ్మరులు ఆ రోజు కొలిమి రాజేయరు, సమ్మెట ఎత్తరు. వారు చేయని పనిని ఆ రోజు పునీతులే చేస్తారు. శీతకాలం మొదలయ్యేది అప్పుడే కాబట్టి, కుజ్మా-దెమ్యాన్ నేల మీద, నదుల మీద మంచుగడ్డను సాగగొడతారని సామెత. వారం తరువాత నవంబరు 21న వచ్చే మిహాయిల్ దినానికి ఒక్కోసారి మంచు కరుగుతుంది. అందుకే ‘కుజ్మా-దెమ్యాన్ సంకెల వేస్తే మిహాయిల్ విప్పుతాడు’ అని మరొకటి. పెళ్ళి పాటలలో ఇదే జంట ఒక్క మనిషిగా, అందునా అమ్మగా మారిపోతుంది. ‘అమ్మా కుజ్మా-దెమ్యాన్, మాకొక పెళ్ళిని సాగగొట్టి ఇవ్వు, తల నెరిసేదాకా విడిపోకుండా గట్టిగా కొట్టు’ అన్న భావంతో ఆడవారు పాడేవారు. పెళ్ళిని అతుకు వేసే పనిగా ఊహించాలంటే కొలిమి పక్కన పెరిగిన వారికే సాధ్యం. రెండు ఇనుప ముక్కలను ఎర్రగా కాల్చి, దాగలి మీద కలిపి కొట్టి ఒకటి చేయడం నేను చూసినవాడిని. వేడి తగ్గితే అతుకు నిలవదు, ఎక్కువైతే ఇనుము కాలిపోతుంది. ఆ పాట రాగం ఎలా ఉంటుందో వినాలని నాకు ఎంతో కోరికగా ఉంది.

ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ నాడు మా ఫోర్జ్ విభాగంలో కూడా సుత్తి దెబ్బ వినిపించేది కాదు. పటకార్లు, సమ్మెటలు కడిగి, బొట్టు పెట్టి వరుసగా పేర్చేవాళ్ళము. ఏడాది పొడుగునా చెవులు గింగురుమనే ఆ షెడ్డులో ఆ ఒక్క రోజు ఉండే నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. నవంబరు 14 కాగితం చదివినప్పుడు ఆ నిశ్శబ్దమే మనసులో మెదిలింది.

పరస్కేవ కాగితాన్ని ఇంత కంటె జాగ్రత్తగా చదవాలి. నవంబరు 10న వచ్చే ఈ పునీతురాలి పేరుకు గ్రీకులో శుక్రవారం అనే అర్థం. రష్యన్ జనం ఆమెను నేరుగా ‘పయాత్నిత్స’, అంటే శుక్రవారం, అనే పిలిచారు. శుక్రవారం నాడు ఆడవారు నూలు వడకకూడదు, అవిసె నార దువ్వకూడదు. మాట దాటితే శుక్రవారమ్మ స్వయంగా ఇంటికి వస్తుందని, ఒళ్ళంతా కదుళ్ళు గుచ్చుకొని, కళ్ళ నిండా నార దుమ్ముతో కనిపించి, ‘నీవు చేసిన పని నన్ను ఇలా చేసింది’ అంటుందని కథలు. కాగితం ఈ కథలను వింత కథలుగా చెప్పి వదిలేసింది. నాకు అవి వింతగా తోచలేదు. శీతకాలమంతా దివిటీ పుల్ల వెలుగులో నూలు వడికే ఆడవారికి గుచ్చుకొనేది కదురే, కళ్ళలో పడేది నార దుమ్మే. తమ ఒంటి గాయాలనే ఆ పునీతురాలి ఒంటి మీద చూసి, ఆమె పేరు చెప్పి వారానికొక రోజు చేతికి, కంటికి విరామం సంపాదించుకున్నారని నేను అనుకుంటున్నాను. అత్తగారు ఒప్పుకోకపోయినా శుక్రవారమ్మకు భయపడుతుంది కదా. 1551లో మాస్కోలో సమావేశమైన స్తొగ్లావ్ చర్చి సభ ఈ ఆచారాన్ని ఖండించింది. పరస్కేవ, అనస్తాసియ తమకు కనిపించి బుధ శుక్రవారాలలో చేతిపనులు చేయవద్దని ఆజ్ఞాపించారంటూ ఊరూరా తిరిగేవారిని అది దొంగ ప్రవక్తలని పిలిచింది. సభ వద్దన్నా నమ్మకం పోలేదు, 19వ శతాబ్దంలో కూడా జానపద పరిశోధకులు పల్లెలలో దానిని నమోదు చేశారు. ఈ చరిత్ర ఏదీ కాగితంలో లేదు, ఉండవలసింది. నొవ్‌గొరొద్ నగరపు అంగడిలో 1207లో దూరదేశాలతో వర్తకం చేసేవారు పరస్కేవ పేర చర్చి కట్టించిన సంగతిని మాత్రం ఇచ్చారు. సంతలు శుక్రవారం జరగడం వలన ఆమె వర్తకులకు కూడా అమ్మవారైంది.

మా ఆవిడకు ఈ కాగితాన్ని చదివి వినిపిస్తే, శుక్రవారం బూజు దులపకూడదని, ఎవరికీ డబ్బు ఇవ్వకూడదని వాళ్ళమ్మ చెప్పేదని గుర్తు చేసుకొంది. సెప్టెంబరు 11న యోహాను శిరచ్ఛేదన దినం. ఆ రోజు గుండ్రనివాటిని, అంటే క్యాబేజీని, యాపిల్‌ను కత్తితో కోయరాదన్న నియమం ఉంది. అది విన్నప్పుడు మన ఇళ్ళలో నిండు గుమ్మడికాయకు ఆడవారు మొదటి కత్తిగాటు పెట్టని సంగతి తానే ఎత్తింది. రెండూ ఒకటేనని నేను అనను. కాని గుండ్రని కాయను చూసి తల గుర్తుకు రావడం కత్తి పట్టే వంటింటి చేతులకు ఎక్కడైనా జరుగుతుంది.

ఏప్రిల్ 7 కాగితం దగ్గర నాకొక పాత జ్ఞాపకం ఉంది. ఆ రోజు దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండుగ. ‘పిల్ల జడ అల్లదు, పిట్ట గూడు అల్లదు’ అని సామెత. ఆ రోజు గూడు కట్టబోయిన కోకిలకు అందుకే సొంత గూడు లేకుండా పోయిందని పిల్లలకు చెబుతారు. 1980 దశకంలో మా టౌన్‌షిప్పులో ఉండిన ఒక సోవియట్ నిపుణుడి భార్య తన కూతురికి ప్రతి ఉదయం రెండు జడలు బిగించి వేసి బయటికి పంపేది. ఒక ఏప్రిల్ ఉదయం ఆ పాప జుట్టు విరబోసుకొని ఆడుకోవడం చూసి, ఒంట్లో బాగాలేదేమోనని మా ఆవిడ నన్ను పంపింది. పాప తల్లి కొంచెం సిగ్గుపడి, తనకు ఇటువంటివాటిలో నమ్మకం లేదని, కాని ఇవానొవో నేత మిల్లులో పనిచేసిన అమ్మమ్మ ఆ రోజు ఎవరినీ జడ వేసుకోనిచ్చేది కాదని చెప్పింది. ఏడాదంతా తెగిన పోగులు ముడివేసే మనిషి, ఒక రోజు ఏ పోగునూ అల్లవద్దని ఇంట్లో శాసించడంలో ఎంత అలసట దాగి ఉందో అప్పుడు నాకు తట్టలేదు. కనుమ నాడు కాకి కూడా కదలదని నేను ఆవిడకు చెప్పాను. ఆ మాటను ఆవిడ రెండుసార్లు పలికించుకొని, ఒక కాగితం మీద రష్యన్ అక్షరాలలో రాసుకొంది.

పశువుల పునీతుల కాగితాలు బాగానే ఉన్నాయి. మే 6న యెగోరి దినం నాడు, మ్రానికొమ్మల ఆదివారం చర్చిలో దీవింపజేసి దాచిన విల్లో కొమ్మతో పశువులను తట్టి మొదటిసారి మేతకు తోలడం, తోడేళ్ళు యెగోరి ఏలుబడిలో ఉంటాయని, ‘తోడేలు నోట ఉన్నది యెగోరి ఇచ్చినదే’ అని అనుకోవడం, ఆగస్టు 31న ఫ్రోల్-లావ్ర్ దినం నాడు గుర్రాలకు పని చెప్పకుండా జూలుకు రంగు పీలికలు కట్టి చర్చి దగ్గరకు తీసుకుపోవడం వంటివి క్లుప్తంగా, సరిగా చెప్పారు. ఫ్రోల్, లావ్ర్ నిజానికి రాతిపని చేసిన అన్నదమ్ములు. తేనెటీగల కాపలాదారులైన జొసిమ, సవ్వాతి తెల్ల సముద్రంలోని సొలొవ్కీ దీవి సన్యాసులు, తేనెటీగలకు ఏమాత్రం అనువుకాని చలిచోటు అది. అయినా ఏప్రిల్ 30 నాటి జొసిమ దినాన తేనెపెట్టెలు బయటపెట్టడం, అక్టోబరు 10 నాటి సవ్వాతి దినాన లోపలికి చేర్చడం అలవాటైంది. ఆగస్టు 19 నాటి యాపిల్ పండుగ కాగితం మాత్రం నేను రెండుసార్లు చదివాను. పిల్లలను పోగొట్టుకున్న తల్లి ఆ పండుగకు ముందు యాపిల్ తింటే పరలోకంలో ఆమె బిడ్డకు యాపిల్ ఇవ్వరని నమ్మకం. ఏ వ్యాఖ్యా లేకుండా రెండు వాక్యాలలో రాసి వదిలేశారు, అది మంచి పని.

ఇక లోపాలు. మొదటిది తేదీల విషయం. డిసెంబరు 25 కాగితం వెనుక ‘స్పిరిదోన్ నాడు సూర్యుడు వేసవి వైపు, చలి తీవ్రత వైపు తిరుగుతాయి’ అని ఉంది. అదే కాగితం ముందువైపు, పగలు అప్పటికే మూడు నాలుగు రోజులుగా పెరుగుతున్నట్లు అంకెలు చూపిస్తున్నాయి. రెండు వైపులనూ అచ్చువేసినవారు ఈ వైరుధ్యాన్ని గమనించలేదు, పాఠకుడికి ఒక్క ముక్క వివరణ ఇవ్వలేదు. వివరణ కష్టమైనదేమీ కాదు. చర్చి పాత జూలియన్ లెక్కను వదలలేదు. ఆ లెక్కలో స్పిరిదోన్ దినం డిసెంబరు 12. పదిహేడవ శతాబ్దంలో రెండు లెక్కలకూ తేడా 10 రోజులు కనుక ఆ దినం సరిగా మన డిసెంబరు 22న, సూర్యుడు నిజంగా మళ్ళే వేళకు పడేది. తేడా పద్దెనిమిదవ శతాబ్దంలో 11, పంతొమ్మిదిలో 12, 1900 నుంచి 13 రోజులైంది, పునీతుడు సూర్యుడి నుంచి దూరంగా జరిగిపోయాడు. 1918లో సోవియట్ ప్రభుత్వం జనవరి 31 మరునాడు ఫిబ్రవరి 14 అని ప్రకటించినప్పుడు ప్రభుత్వ తేదీలు మారాయి గాని చర్చి తేదీలు మారలేదు. మనకు ఇది కొత్త సంగతి కాదు. ఉత్తరాయణ పుణ్యకాలమని మనం జనవరి 14, 15 తేదీలలో స్నానం చేస్తాము, సూర్యుడు మళ్ళేది మూడు వారాలకు పైగా ముందు. కారణాలు వేరు, జారడం ఒకటే. సామెత అబద్ధం కాదు, అది పుట్టిన శతాబ్దం వేరని ఒక్క వాక్యం రాసి ఉంటే స్పిరిదోన్ మర్యాద నిలిచేది.

రెండవ లోపం నాకు మరింత బాధ కలిగించింది. సుమారు మూడింట ఒక వంతు కాగితాలలో నమ్మకాన్ని పని నుంచి వేరుచేసి జ్యోతిషం చేశారు. ‘ఈ రోజు అప్పు ఇస్తే అదృష్టం పోతుంది’, ‘ఈ రోజు పుట్టినవారు ఫలానా రాయి ధరించాలి’ వంటి మాటలకు ఏ ఊరు, ఏ పని, ఏ మనిషి ఆధారమో తెలియదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది ఎండను చూసినవాడి మాట. ఆగస్టు 2న ఇల్యా (బైబిలు ప్రవక్త ఏలీయా) దినం తరువాత నదిలో ఈదరాదన్నది కూడా అటువంటిదే. ఉత్తర రష్యాలో రాత్రులు పెరిగి నీళ్ళు చల్లబడే కాలమది. ఆ రోజు గడ్డి కుప్ప వేస్తే అగ్నిరథం మీద ఆకాశంలో తిరిగే ఇల్యా పిడుగు వేస్తాడన్న భయానికి వెనుక ఆగస్టు ఉరుములున్నాయి. రష్యన్ పారాట్రూపర్ల దళం తన దినాన్ని అదే ఆగస్టు 2న జరుపుకొంటుంది, 1930లో వొరొనెజ్ దగ్గర జరిగిన మొదటి దూకుడుకు గుర్తుగా. తేదీలు కలవడంతో ఆకాశంలో రథమెక్కిన ఇల్యా వారికి పునీతుడయ్యాడు. ఆకాశంతో సంబంధమున్న కర్మాగారంలో పనిచేసిన నాకు, కొత్త పనికి పాత పునీతుడు దొరికిన ఈ సంగతి ఆనందం కలిగించేది. ఆ కాగితంలో దాని స్థానంలో ఒక రత్నం పేరు ఉంది.

మూడవది పెద్ద లోపం. ఈ క్యాలెండరుకు రైతు తెలుసు, ఫ్యాక్టరీ తెలియదు. అక్టోబరు 14 నాటి పొక్రోవ్ (ముసుగు అని అర్థం) పండుగకు, ‘పొక్రోవ్ తండ్రీ, నేలకు మంచు ముసుగు, నాకు పెళ్ళి ముసుగు వెయ్యి’ అన్న భావం గల ఆడపిల్లల ప్రార్థనను అందంగా ఇచ్చారు. కాని పల్లె కూలీల ఒప్పందాలు యెగోరి నుంచి పొక్రోవ్ వరకు, మిల్లు కార్మికుల ఒప్పందాలు ఈస్టర్ నుంచి పొక్రోవ్ వరకు, తిరిగి పొక్రోవ్ నుంచి ఈస్టర్ వరకు ఉండేవన్న సంగతి రాయలేదు. ఆ పండుగ నాడు కార్మికుడు చూసింది మొదటి మంచును మాత్రమే కాదు, చేతికి వచ్చిన లెక్కను, జరిమానాలు పోగా మిగిలిన రూబుళ్ళను కూడా. రష్యన్ వర్క్‌షాపులలో మూలన పునీతుడి పటం ఉండేది, దీపపు నూనెకు కార్మికులే తలా కొంత వేసుకొనేవారు. మా విభాగంలో విశ్వకర్మ పూజ చందా పుస్తకం నేను చాలా ఏళ్ళు పట్టినవాడిని. ఆ నూనె డబ్బుల మాట ఒక్కటైనా కనిపిస్తుందని ఏడాదంతా చూశాను.

రైతు విషయంలో మాత్రం ఈ క్యాలెండరు చరిత్రను వదలలేదని ఒప్పుకోవాలి. డిసెంబరు 9 నాటి శరదృతువు యూరి దినం కాగితం అందుకు మంచి ఉదాహరణ. 1497 నాటి చట్టసంహిత ప్రకారం రైతు తన భూస్వామిని విడిచి వెళ్ళగలిగింది ఆ దినానికి ముందు ఒక వారం, తరువాత ఒక వారం మాత్రమే, అదీ బాకీ తీర్చి. ఆ హక్కును పదహారవ శతాబ్దం చివరి నుంచి నిలిపివేస్తూ వచ్చి, 1649 నాటి శాసనంతో పూర్తిగా తీసేశారు. ‘ఇదిగో అవ్వా, నీ యూరి దినం’ అన్న సామెత అప్పటిది. పునీతుడి పండుగ మిగిలింది, దానితో వచ్చిన స్వేచ్ఛ పోయింది. ఇంత బరువైన సంగతిని అరచేతి కాగితంలో ఇమిడ్చినవారికి ఫ్యాక్టరీ గురించి రాయడం చేతకాని పని కాదు.

ఫ్యాక్టరీకి తగిన కాగితం ఏదో కూడా చెప్పగలను. 1885 జనవరిలో ఒరెహొవో-జూయెవోలోని మొరోజొవ్ నూలు మిల్లులో సుమారు 8,000 మంది సమ్మె చేశారు. జీతాలను మళ్ళీ మళ్ళీ కోయడం, సంపాదనలో నాలుగో వంతు దాకా జరిమానాలు గుంజడం అసలు కారణాలు. సమ్మెకు తక్షణ నిమిత్తమైంది మాత్రం, పాత లెక్కలో జనవరి 7న వచ్చే స్నాపకుడైన యోహాను పండుగను యాజమాన్యం పనిదినంగా ప్రకటించడం. ఆ మరుసటి ఏడు, 1886 జూన్‌లో, జరిమానాలకు హద్దులు పెట్టే చట్టం వచ్చింది. 1897 చట్టం పనిదినాన్ని పదకొండున్నర గంటలకు పరిమితం చేసి, ఆదివారాలు కాక 14 పండుగలకు సెలవు తప్పనిసరి చేసింది. పండుగ అన్న మాటకు కార్మికుడి నోట విశ్రాంతి హక్కు అనే అర్థం ఎంత బలంగా ఉండేదో దీనిని బట్టి తెలుస్తుంది. తరువాతి కాలంలో, 1929 శరదృతువు నుంచి సోవియట్ ఫ్యాక్టరీలలో కార్మికులను అయిదు గుంపులు చేసి ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క రోజు సెలవు ఇచ్చారు. ఆదివారమే మాయమైంది. 1931లో ఆరు రోజుల వారం వచ్చింది. ఏడు రోజుల వారం తిరిగి వచ్చింది 1940 జూన్‌లో. వారాలు ఇలా మారిపోతున్నప్పుడు ఇవానొవో అమ్మమ్మలాంటివారు ఏప్రిల్ 7ను ఎలా గుర్తుపెట్టుకున్నారో చెప్పే కాగితం ఒకటి ఉంటే, ఈ క్యాలెండరు విలువ రెట్టింపయ్యేది.

కొనదలచినవారికి కొన్ని మాటలు. రష్యన్ చదవడం రానివారు ఫోనులోని అనువాద సదుపాయంతో నెట్టుకురాగలరు, అయితే సామెతల దగ్గర అది పూర్తిగా తడబడుతుంది. పక్కింటి అబ్బాయి ఫోను కుజ్మా-దెమ్యాన్ పాటను పెళ్ళి ఫోర్జరీ అని అనువదించింది. రష్యాలో చదువుకుంటున్న పిల్లలు మన జిల్లాల నుంచి చాలామందే ఉన్నారు కనుక, వారి చేత తెప్పించుకోవడం సులభం. సంవత్సరం మొదలవకముందే తెప్పించుకోవాలి, పట్టీకి ముందుగానే కొంచెం నూనె రాయాలి. జ్యోతిషం కాగితాలను చదవకుండా చింపినా నష్టం లేదు. శ్రమ, దాని వారాలు, దాని విరామాలు ఎలా గడిచేవో తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్నవారికి మిగిలిన రెండు వంతుల కోసం ఈ క్యాలెండరు తప్పక కొనదగినది. పండుగల వంటకాలు ఇందులో చాలానే ఉన్నా, వాటి కోసమే కొనవలసిన పని లేదు.

నేను దాచుకున్న కాగితాలు 41. బిస్కెట్ల డబ్బాలో తేదీల వరుసలో ఉన్నాయి. వాటిలో జనవరి 20 నాటిది కూడా ఉంది. ఇప్పటి లెక్కలో యోహాను పండుగ వచ్చేది ఆ రోజే. దాని వెనుకవైపు క్యాబేజీ కూరిన రొట్టె చేసే విధానం ఉంది. అంచున మిగిలిన ఖాళీలో ఒరెహొవో-జూయెవో, 1885, 8,000 మంది అని పెన్సిలుతో తెలుగులో రాసి పెట్టాను.